అరవై దాటిన అడుగు

తెలుగు సంవత్సరాలు అరవై. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే ఈ చక్రం పూర్తి కాగానే మళ్లీ ప్రభవ వస్తుంది. మనిషికి అరవై ఏళ్లు నిండేసరికి అతడు పుట్టిన సంవత్సరం పేరే తిరిగి వస్తుంది. ఆ సందర్భాన్నే మన పెద్దలు షష్టిపూర్తిగా జరుపుకొంటారు. ఒక చక్రం ముగిసి మరొక చక్రం ఆరంభమైందన్నదే ఆ వేడుకలోని అంతరార్థం. కాని లోకవ్యవహారం ఇందుకు విరుద్ధంగా ఉంది. అరవయ్యో పడిలో అడుగుపెట్టిన వ్యక్తి వేకువనే లేచి మైదానానికి బయలుదేరితే, “ఈ వయసులో ఇవన్నీ ఎందుకు? కృష్ణా రామా అనుకుంటూ ఇంటిపట్టున ఉండరాదా?” అనేవారే ఎక్కువ. ఇతరుల నోట వచ్చిన ఈ మాట కొంతకాలానికి ఆ వ్యక్తి మనసులోనే సందేహంగా స్థిరపడుతుంది.

ఈ సందేహం ఎంతవరకు సమంజసమో తెలుసుకోవడానికి సెంటినరీ కాలనీ వంటి చోటు చక్కని ఉదాహరణ. పెద్దపల్లి జిల్లాలో, సింగరేణి సంస్థ రామగుండం–3 ఏరియాలో ఉన్న కార్మిక నివాస ప్రాంతమిది. ఇల్లందు ప్రాంతంలో 1889లో మొదలైన బొగ్గు తవ్వకం 1989 నాటికి నూరేళ్లు పూర్తి చేసుకొంది. శతాబ్ది అన్న మాటనే ఈ కాలనీ తన పేరుగా ధరించింది. సింగరేణి ఉద్యోగుల పదవీ విరమణ వయసు 2021లో 60 నుంచి 61 సంవత్సరాలకు పెరిగింది. అంటే ఇక్కడి కార్మికుడు షష్టిపూర్తి దాటిన తరువాతనే విశ్రాంత జీవితంలో ప్రవేశిస్తాడు. దశాబ్దాల తరబడి షిఫ్టుల వేళలకు అలవాటుపడిన శరీరానికి ఒక్కసారిగా పని ఆగిపోతుంది. అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది.

పూర్వం బాయి పని అంటే కేవలం కండబలమే. తట్టా చెమ్మస్ చేతబట్టి, బొగ్గు ఎత్తి టబ్బులు నింపిన కార్మికుడికి వేరే వ్యాయామం అక్కరలేదు. అయితే ఆ శ్రమ వెంట దుమ్ము, వేడి, నడుము నొప్పి, మోకాళ్ల అరుగుదల కూడా ఉండేవి. క్రమంగా గనుల్లోకి యంత్రాలు ప్రవేశించాయి. ఉపరితల గనుల్లో డంపర్లు, షావెళ్లు నడిపే ఆపరేటర్లు షిఫ్టులో అధిక భాగం కూర్చునే పనిచేస్తారు. పనిలోని ప్రమాదం, బరువు తగ్గడం శుభపరిణామమే. కాని దానితోపాటు శరీరానికి దక్కే కదలిక కూడా తగ్గింది.

కూర్చుని చేసే పని వలన కలిగే నష్టాన్ని తొలిసారి శాస్త్రీయంగా పరిశీలించినవారిలో బ్రిటన్‌కు చెందిన వైద్యుడు జెరీ మోరిస్ ముఖ్యుడు. లండన్‌లోని రెండంతస్తుల బస్సులపై ఆయన బృందం జరిపిన పరిశోధన 1953లో వెలువడింది. దినమంతా కూర్చునే డ్రైవర్ల కంటె, టిక్కెట్ల కోసం మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉండే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. బస్సు ఒకటే, వీధులు ఒకటే, ప్రధానమైన భేదం కదలికలోనే ఉంది. వ్యాయామాన్ని తానూ నియమంగా పాటించిన మోరిస్ 99 ఏళ్లు జీవించి 2009లో కన్నుమూశాడు.

వయసు వలన కలిగే క్షీణత ఎంత, కదలిక లేకపోవడం వలన కలిగే క్షీణత ఎంత అన్నది తరువాతి ప్రశ్న. దీనికి అమెరికాలోని డల్లాస్ నగరంలో ఆశ్చర్యకరమైన సమాధానం లభించింది. 1966లో ఇరవై ఏళ్ల ఆరోగ్యవంతులైన ఐదుగురు యువకులను పరిశోధకులు మూడు వారాలపాటు మంచంపైనే ఉంచారు. శ్రమించేటప్పుడు ప్రాణవాయువును వినియోగించుకునే వారి శక్తి గణనీయంగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తరువాత, 1996లో, యాభైకి చేరిన ఆ ఐదుగురినే మళ్లీ పరీక్షించారు. ముప్పై ఏళ్ల వయోభారం తగ్గించిన శక్తి కంటె, నాడు మూడు వారాల పడక తగ్గించిన శక్తే ఎక్కువని తేలింది! ఆపై ఆరు నెలలు నడక, మెల్లని పరుగు, సైకిలు వంటి సాధన చేయించగా, వారు తమ ఇరవయ్యో ఏట పడకకు ముందున్న స్థాయిని తిరిగి అందుకొన్నారు. యౌవనంలో కఠోర సాధనతో చేరిన అత్యున్నత స్థాయి మాత్రం తిరిగి రాలేదు. పరిశీలించినది ఐదుగురినే అయినా, ఈ ఫలితం చెప్పే నీతి విలువైనది. వయసు కొంత తీసుకొంటుంది. సోమరితనం అంతకంటె ఎక్కువ తీసుకొంటుంది. సోమరితనం తీసుకొన్నదానిని చాలావరకు తిరిగి రాబట్టుకోవచ్చు.

కండరాల విషయమూ ఇటువంటిదే. నడివయసు నుంచి కండరం పరిమాణంలోను, బలంలోను తగ్గుతూ వస్తుంది. రక్తంలోని చక్కెరను అధికంగా గ్రహించేది కండరమే కనుక, అది క్షీణిస్తే మధుమేహానికి దారి ఏర్పడుతుంది. కాళ్లు బలహీనపడితే తూలి పడడం, ఎముక విరగడం సంభవిస్తాయి. అయితే 1990లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో, వృద్ధాశ్రమంలోని తొంభై ఏళ్లవారు సైతం ఎనిమిది వారాలు బరువులతో సాధన చేసి తమ కాళ్ల బలాన్ని రెట్టింపుకు మించి పెంచుకోగలిగారు. తొంభైలో సాధ్యమైనది అరవైలో అసాధ్యం కాదు కదా! తెలుగునాట గోలి శ్యామల నడివయసులో ఈత నేర్చుకొని, యాభై ఏళ్లకు చేరువలో, 2021 మార్చిలో శ్రీలంక తీరం నుంచి ధనుష్కోటి వరకు పాక్ జలసంధిని ఈదారు. అందరూ సముద్రాలు ఈదనక్కరలేదు. ఆలస్యంగా ఆరంభించినవారూ ముందుకు సాగగలరని గ్రహిస్తే చాలు.

బొగ్గుగనుల ప్రాంతంలో “అన్‌ఫిట్” అన్న మాటకు ప్రత్యేకమైన బరువు ఉంది. గని కార్మికులకు ఐదేళ్లు మించకుండా ఒకసారి వైద్య పరీక్ష జరగాలని 1955 నాటి గనుల నియమావళి నిర్దేశిస్తోంది. గని పనికి తగరని వైద్య మండలి నిర్ధారిస్తే కార్మికుడు ఉద్యోగం విడవవలసి వస్తుంది. ఆ తీర్పు ఒక కుటుంబ భవిష్యత్తునే మార్చివేస్తుంది. కాని అది ఆ పనికి సంబంధించిన తీర్పే తప్ప జీవితానికి సంబంధించిన తీర్పు కాదు. భూగర్భంలోకి దిగలేని వ్యక్తి కూడా నేలమీద నడవగలడు. తన శక్తికి తగిన సాధనతో బలపడగలడు.

అలాగని ప్రతి సందేహాన్నీ తోసిపుచ్చరాదు. “నలుగురూ నవ్వుతారేమో”, “ఇప్పుడు మొదలుపెట్టి ఏం ప్రయోజనం” అన్నవి మనసు కల్పించిన సందేహాలు, వాటిని విడిచిపెట్టాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, మునుపెన్నడూ లేని ఆయాసం శరీరం పంపే హెచ్చరికలు. వాటిని వెంటనే వైద్యుడికి తెలపాలి. ఏళ్ల తరబడి బొగ్గు దుమ్ము పీల్చినవారు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు ముందుగా వైద్య సలహా పొందడం అవసరం.

వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే సాధన అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. 65 ఏళ్లు దాటినవారు వారానికి మూడు రోజులైనా నిలకడ పెంచే కసరత్తులు చేయాలని కూడా చెప్పింది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు చురుకుగా నడిస్తే 150 నిమిషాలు పూర్తవుతాయి. నడుస్తూ మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే ఆ వేగం సరిపోయినట్లే. కుర్చీలోంచి చేతి ఆసరా లేకుండా లేచి కూర్చోవడం కాళ్లకు మంచి సాధన. తన బలంలో సగం మేరకే వ్యాయామం చేయాలని ప్రాచీన ఆయుర్వేదం చెప్పిన నియమం కొత్తగా ఆరంభించేవారికి నేటికీ శిరోధార్యమే. రామగుండం ఎండలు ప్రసిద్ధమైనవి కనుక వేసవిలో తెల్లవారుజామునే నడక ముగించుకోవడం వివేకం.

ఈ ప్రయత్నంలో ఇంటివారి మాటకు ఎంతో శక్తి ఉంది. తమ వార్ధక్యాన్ని సానుకూలంగా భావించినవారు, అలా భావించనివారి కంటె సగటున ఏడున్నర ఏళ్లు ఎక్కువగా జీవించినట్లు 2002లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది. ఆయుర్దాయానికి భావన ఒక్కటే కారణమని చెప్పలేము. అయినా ఆ భావనను పెంచేవి, తుంచేవి చుట్టూ ఉన్నవారి మాటలే. పదవీ విరమణ చేసిన తండ్రినో, ఇంటిపనితో అలసిన తల్లినో “మీకెందుకు, కూర్చోండి” అనడం పైకి ప్రేమగానే వినిపిస్తుంది. “పదండి, కలిసి నడుద్దాం” అనడం అంతకంటె గొప్ప ప్రేమ. కుటుంబం కోసం నేలపొరల్లోకి నడిచిన పాదాలు ఇకనైనా తమ కోసం నడవాలి. వాటికి తోడుగా నడవడం యువతరం కర్తవ్యం.