అడ్వాన్సు ఇచ్చినంత మాత్రాన భూమి మీది కాదు

"ఐదు లక్షలు అడ్వాన్సు ఇచ్చి కోటి రూపాయల భూమికి అగ్రిమెంటు రాయించుకో. మూడు నెలలు గడువు పెట్టించు. ఈలోపు రేటు మీద పది లక్షలు వేసుకుని వేరే పార్టీకి ఇచ్చేయ్. పార్టీ దొరక్కపోతే అడ్వాన్సు వెనక్కి తీసుకో. పోయేదేముంది?"

డిగ్రీ పూర్తయి ఉద్యోగం కోసం చూస్తున్న పిల్లలకు రీల్స్‌లోనూ, ఫీజు కట్టించుకుని నడిపే ఆదివారం క్లాసుల్లోనూ చెబుతున్న పాఠం ఇది. అమెరికాలో హోల్‌సేలింగ్ పేరుతో నడిచే వ్యాపారాన్ని మన అగ్రిమెంటు బేరాలకు అతికించి, రిస్కే లేని సంపాదనగా ప్రచారం చేస్తున్నారు. నమ్మినవాళ్లు ఇంట్లో బంగారం కుదువపెట్టి, పర్సనల్ లోన్ తీసుకుని అడ్వాన్సులు కడుతున్నారు. గడువు దాటాక డబ్బు పోతోంది, ఈఎంఐ మిగులుతోంది. అవతల కూతురి పెళ్లికో, ఆస్పత్రి ఖర్చుకో పొలం బేరం పెట్టిన రైతు, ఆ మూడు నెలలూ ఇంకొకరికి మాటివ్వలేక తన అవసరం గడవక నలిగిపోతున్నాడు. రెండు ఇళ్లు దెబ్బతింటున్నాయి. చెప్పినవాడు మాత్రం ఫీజు తీసుకుని వచ్చే ఆదివారం క్లాసుకు సిద్ధమవుతున్నాడు.

అపోహ: అగ్రిమెంటు రాయించుకుంటే భూమి చేతికొచ్చినట్టే. అమ్ముడుపోకపోతే అడ్వాన్సు తిరిగొస్తుంది.

వాస్తవం: ఇందులో రెండు అబద్ధాలున్నాయి.

మొదటిది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం అమ్మకపు ఒప్పందం ఒక్కటే ఆస్తి మీద ఏ హక్కూ కలిగించదు. భూమి ఓనరుదే. 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది: అగ్రిమెంటు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), వీలునామా మూడూ కలిపి ఇచ్చినా యాజమాన్యం బదిలీ కాదు, రిజిస్టరైన సేల్ డీడ్ ఉండాల్సిందే. అయినా "జీపీఏ ఉంది కదా" అంటూ పిల్లల చేత సంతకాలు పెట్టించేవాళ్లు ఇంకా ఉన్నారు.

పైగా ఈ అగ్రిమెంట్లలో చాలావరకు వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసి, నోటరీ ముద్ర వేయించి, ఫైల్లో దాచుకునేవే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ వల్ల 1999 ఏప్రిల్ నుంచి మన దగ్గర అమ్మకపు అగ్రిమెంటును కూడా రిజిస్టరు చేయించాలి. రిజిస్టరు కాని అగ్రిమెంటు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)లో కనపడదు. మీ సంగతి తెలియని మరో మనిషి పూర్తి సొమ్ము ఇచ్చి, మంచి నమ్మకంతో సేల్ డీడ్ రిజిస్టరు చేయించుకుంటే చట్టం అతని పక్షాన నిలబడుతుంది. మీరు ఓనరు వెంట అడ్వాన్సు కోసం తిరగాలి.

"కోర్టుకెళ్లి రిజిస్టరు చేయించుకుంటాం" అంటారు. ఈ పాఠం అసలు కూలిపోయేది ఇక్కడే. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో తన వంతు నెరవేర్చడానికి మొదటి నుంచీ సిద్ధంగా ఉన్నానని కొనుగోలుదారు రుజువు చేసుకోవాలి. మిగిలిన 95 లక్షలు ఎక్కడి నుంచి తెస్తావని అవతలి లాయరు అడుగుతాడు. బ్యాంకు స్టేట్‌మెంటు చూపించమంటాడు. "నా దగ్గర డబ్బు లేదు, పార్టీ దొరికితే వాళ్లిచ్చేవాళ్లు" అనేది మీ జవాబైతే కేసు అక్కడే నీరుగారిపోతుంది. పెట్టుబడి అక్కర్లేదన్న మాట నమ్మి దిగినవాడు ఓడిపోయేది సరిగ్గా పెట్టుబడి లేనందువల్లే.

రెండోది అడ్వాన్సు. మీ అగ్రిమెంటు చివరి పేజీ తీసి చదవండి. దాదాపు ప్రతిదాంట్లో ఇలాంటి వాక్యం ఒకటి ఉంటుంది: "గడువులోగా మిగిలిన సొమ్ము చెల్లించి రిజిస్టరు చేయించుకోని యెడల, అడ్వాన్సు సొమ్ము తిరిగి కోరుటకు మీకు ఎటువంటి హక్కు లేదు." సంతకం చేసింది మీరే. గడువు తప్పింది కూడా మీరే అయితే, బయానాగా ఇచ్చిన ఆ సొమ్మును ఓనరు ఉంచుకోవచ్చు. మరీ పెద్ద మొత్తమైతే అది న్యాయమా కాదా అని కోర్టు చూస్తుంది. కానీ ఐదు లక్షల కోసం ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగే ఓపిక, ఖర్చు మీకున్నాయా? కొందరు పెద్దమనుషులను కూర్చోబెట్టుకుని సగమో పావో రాబట్టుకుంటారు. ఓనరు మంచితనం వల్ల వచ్చిన ఆ సొమ్మును వ్యాపార సూత్రంగా చెప్పకూడదు.

అపోహ: రేటు ఎప్పుడూ పెరిగేదే, మూడు నెలల్లో పార్టీ దొరక్కపోదు.

వాస్తవం: తుళ్లూరు, మంగళగిరి చుట్టుపక్కల అడగండి. అమరావతి రాజధాని ప్రకటన తర్వాత అక్కడ అగ్రిమెంట్లు చేతులు మారిన వేగం అందరూ చూశారు. 2019లో ప్రభుత్వం మారడంతో బేరాలు మందగించాయి. ఆ డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానుల మాట రాగానే కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. భూమి ఉన్నవాళ్లు ఓర్చుకున్నారు, 2024 తర్వాత అక్కడ మళ్లీ కదలిక వచ్చింది. అగ్రిమెంటు మాత్రమే ఉన్నవాళ్లకు ఐదేళ్లు ఎదురుచూసే వీలెక్కడిది? వాళ్ల గడువు 90 రోజులు. భూమి కొన్నవాడికీ అగ్రిమెంటు కొన్నవాడికీ తేడా ఇదే. ధర పడిపోతే ఒకరు ఆగగలరు, మరొకరు ఆగలేరు.

ఇంకొన్ని అపోహలు, ఒక్కో మాటలో

"నోటరీ చేయిస్తే రిజిస్టరైనట్టే." కాదు. సంతకం పెట్టింది ఎవరో నోటరీ ధ్రువీకరిస్తాడు, హక్కును కాదు.

"ఈసీ క్లియర్‌గా ఉంటే భూమి క్లియర్." ఈసీలో వచ్చేవి రిజిస్టరైన లావాదేవీలే. రిజిస్టరు కాని వీలునామా, వారసుల తగాదా అందులో ఉండవు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింద ఉండే నిషేధిత జాబితా వేరుగా చూసుకోవాలి.

"అన్నదమ్ములంతా సంతకం పెట్టారు, చాలు." చాలదు. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టంతో, ఆ తర్వాత హిందూ వారసత్వ చట్టానికి 2005లో కేంద్రం చేసిన సవరణతో హిందూ కుటుంబాల ఆడపిల్లలందరికీ, పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా వాటా ఉంది. అక్కచెల్లెళ్ల సంతకాలేవి?

"అడ్వాన్సు క్యాష్‌లో ఇస్తేనే ఓనరు నమ్ముతాడు." 2015 జూన్ నుంచి స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు, ఆపైన అడ్వాన్సు నగదుగా తీసుకోకూడదు. తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు, ఇచ్చినవాడికి రుజువు మిగలదు.

"ఇంటర్‌లోనే మొదలుపెట్టొచ్చు." 18 నిండనివాళ్లతో చేసుకున్న ఒప్పందం చెల్లదు.

"అమెరికాలో ఇది స్వేచ్ఛగా నడుస్తోంది." అక్కడా పగ్గాలు పడుతున్నాయి. ఇల్లినాయిస్ 2019లో, ఏడాదిలో ఒకటికి మించి ఇలాంటి బేరాలు చేసేవాళ్లకు లైసెన్సు తప్పనిసరి చేసింది. ఓక్లహోమా 2021లో ఇలాంటి వ్యాపారం మీదే ప్రత్యేక చట్టం తెచ్చింది.

ఒప్పుకోవాల్సిన మాట

"అగ్రిమెంటు మీద సంపాదించినవాళ్లు ఉన్నారు" అన్నది మాత్రం అబద్ధం కాదు. ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాలి. "మీ పేరున గాని, మీరు కోరిన వారి పేరున గాని రిజిస్టరు చేసి ఇవ్వగలవారము" అని రాసిన అగ్రిమెంటులోని హక్కును మరొకరికి ఇవ్వడం నేరం కాదు. కానీ ఇందులో నిలదొక్కుకున్నవాళ్లను దగ్గరగా చూడండి. సర్వే చేయించి హద్దులు తేల్చింది వాళ్లు, దూరాన ఉన్న వాటాదారులను వెతికి సంతకాలు తెచ్చింది వాళ్లు, లింకు డాక్యుమెంట్లలో తెగిన చోట అతికించింది వాళ్లు. ఆ పనికి ప్రతిఫలంగానే లాభం వచ్చింది. పార్టీ రాకపోతే సొంతంగా రిజిస్టరు చేయించుకునే స్తోమతా వాళ్లకుంది. రీల్స్‌లో ఈ రెండూ చెప్పరు.

మరి ఎలా మొదలుపెట్టాలి?

ఒక మండలాన్ని ఎంచుకోండి. రెండు మూడేళ్లు అక్కడి సర్వే నంబర్లు, దారులు, చెరువుల ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) హద్దులు, నిజంగా రిజిస్టరైన రేట్లు నేర్చుకోండి. అనుభవమున్న ఏజెంటు దగ్గర పనిచేయండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ)లో నమోదైన ప్రాజెక్టుల్లో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టాలంటే ఏజెంటుగా మీరూ నమోదు కావాలి. లేకపోతే రోజుకు పది వేల చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా ఉంది. కమీషన్ తక్కువే కావచ్చు, కానీ తప్పు చేస్తే పోయేది మీ సమయమే, అమ్మ గాజులు కాదు.

అగ్రిమెంటు దాకా వస్తే, దాన్ని రిజిస్టరు చేయించండి. టైటిల్‌లో లోపం బయటపడితే అడ్వాన్సు తిరిగివ్వాలన్న షరతు రాయించండి. గడువు సర్వే పూర్తయిన రోజు నుంచి లెక్కపెట్టేలా చూడండి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. అన్నిటికన్నా ముందు ఓనరుకు నిజం చెప్పండి: "నేను మరొకరికి అమ్మడానికే తీసుకుంటున్నాను." ఆ మాట విన్నాక ఆయన ఒప్పుకోకపోతే ఆ బేరం మీరు చేయాల్సింది కాదు. అమ్మేది ఆయన ఆస్తి, ఎవరి చేతికి ఎలా వెళ్తుందో తెలుసుకునే హక్కు ఆయనకుంది.

సంతకానికి ముందు మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. గడువులోగా ఒక్క పార్టీ కూడా రాకపోతే, ఈ భూమిని నేనే రిజిస్టరు చేయించుకోగలనా? చేయించుకోగలిగితే దిగండి. లేకపోతే కమీషన్ మీద పనిచేస్తూ పొదుపు చేయండి. మొదటి అగ్రిమెంటును భూమి మొత్తానికి సరిపడా డబ్బు చేతికొచ్చిన రోజు రాయించుకోండి.