ప్యాచ్ సిద్ధం, ఫోనుకు చేరేదెప్పుడు?

నంద్యాల జిల్లా యాగంటి ఉమామహేశ్వరుడి గుడిలో బసవన్న ఏటేటా పెరుగుతున్నాడని జనం నమ్మకం. ఒకప్పుడు ఆయన చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లమనీ, ఇప్పుడు స్తంభాలు అడ్డమొస్తున్నాయనీ పెద్దవాళ్లు చెబుతారు. రాయి సంగతి ఎలా ఉన్నా, బసవన్నను ఫొటో తీసే భక్తుల ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం నిజంగా పెరుగుతున్నది ఒకటుంది. అదే లినక్స్ కెర్నల్. 1991లో లినస్ టోర్వాల్డ్స్ బయటపెట్టిన తొలి రూపం సుమారు 10 వేల పంక్తుల కోడ్. 2025 జనవరికి అది 4 కోట్ల పంక్తులు దాటింది. అందులో సింహభాగం రకరకాల పరికరాల్ని నడిపే డ్రైవర్లదే. ఒక్కో ఫోనుకు అవసరమయ్యేది అందులో కొంతే అయినా, ఆ కొంతా తక్కువేం కాదు.

కెమెరా తెరవాలన్నా, డబ్బు పంపాలన్నా ప్రతి యాప్ కెర్నల్‌నే అడగాలి. ఏ యాప్ ఏ ఫైలు ముట్టుకోవచ్చో, మెమరీలో ఏ భాగం ఎవరిదో తేల్చేది అదే. యాప్‌లో లోపం ఉంటే నష్టం చాలావరకు ఆ యాప్‌తో ఆగుతుంది. కెర్నల్‌లో ఉంటే ఫోను మొత్తం పరుల చేతికి పోవచ్చు.

అలాంటి లోపమొకటి ఎలా బయటపడిందో చూద్దాం. మాక్స్ కెల్లర్‌మన్ అనే జర్మన్ ప్రోగ్రామర్‌కు 2021లో ఒక ఫిర్యాదు అందింది. ఆయన పనిచేసే వెబ్ హోస్టింగ్ సంస్థ ఇచ్చిన లాగ్ ఫైలు తెరుచుకోవడం లేదని ఒక ఖాతాదారు గొడవ. సరిచేసి పంపారు. కొన్నాళ్లకు మరో ఫైలు, ఆ తర్వాత ఇంకొకటి. పాడైన ప్రతి ఫైలు చివరా అవే 8 బైట్లు! అవి జిప్ ఫైళ్లలో ఉండాల్సినవి, ఇక్కడ వాటికేం పని? నెలల తరబడి తలబద్దలు కొట్టుకున్నాక ఆయన అనుమానం కెర్నల్ మీదికి మళ్లింది. రుజువు కోసం రెండు బుల్లి ప్రోగ్రాములు రాశాడు. ఒకటి ఫైల్లో అదే పనిగా ‘ఎ’ అక్షరాలు రాస్తుంది. రెండోది ఆ ఫైలు సమాచారాన్ని పైపు అనే కెర్నల్ మార్గంలోకి మళ్లించి, పైపులో ‘బి’ అక్షరాలు వేస్తుంది. రెండోదానికి ఫైల్లో రాసే అనుమతే లేదు. అయినా ఫైల్లో ‘బి’లు ప్రత్యక్షమయ్యాయి.

అసలు కారణం మరీ విచిత్రం. 2016లో పైపు కోడ్ మార్చినవాళ్లు ఒక చోట ‘ఫ్లాగ్స్’ అనే విలువను సున్నా చెయ్యకుండా వదిలేశారు. అప్పటికి దానివల్ల వచ్చిన ప్రమాదమేమీ లేదు. 2020లో 5.8 వెర్షన్‌లో జరిగిన ఇంకో మార్పు, పాత డేటా పక్కనే కొత్తది రాయవచ్చన్న అనుమతిని సరిగ్గా ఆ ఫ్లాగ్స్‌లోనే పెట్టింది. విడివిడిగా రెండు మార్పులూ నిరపాయమే. కలిసేసరికి, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్నవాడు సిస్టమ్ ఫైళ్లను మార్చి సర్వాధికారి కాగలిగాడు. దీనికే డర్టీ పైప్ అని పేరు. మరమ్మతు రెండంటే రెండు పంక్తులు: రెండు చోట్ల ఆ విలువను సున్నా చెయ్యడం.

2022 ఫిబ్రవరి 20న కెల్లర్‌మన్ ఆ మరమ్మతు కోడ్‌తో, అంటే ప్యాచ్‌తో సహా కెర్నల్ భద్రతా బృందానికి రాశాడు. 23న సరిచేసిన కెర్నళ్లు విడుదలయ్యాయి. 24న గూగుల్ దాన్ని ఆండ్రాయిడ్ కెర్నల్‌లో కలిపింది. లోకానికి వెల్లడించింది మార్చి 7న, మందు సిద్ధమయ్యాకే.

అన్ని లోపాలకూ ఇంత అదృష్టం ఉండదు. ఆండ్రాయిడ్ యాప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే బైండర్ డ్రైవర్‌లో ఒక లోపాన్ని 2017 చివర్లో సిజ్‌బాట్ అనే స్వయంచాలక ప్రోగ్రామే పట్టేసింది. 2018 ఫిబ్రవరికల్లా ప్యాచ్ కూడా పడింది. కానీ దాన్నెవరూ భద్రతా లోపంగా నమోదు చెయ్యలేదు, అలాంటి లోపాలకు గుర్తింపుగా ఇచ్చే సీవీఈ నంబరు ఇవ్వలేదు. నంబరు లేని ప్యాచ్‌ను ఫోన్ల కంపెనీలు పట్టించుకోవడం అరుదు. 2019 అక్టోబరులో గూగుల్ ప్రాజెక్ట్ జీరో పరిశోధకురాలు మ్యాడీ స్టోన్ వెల్లడించేసరికి ఆ పాత లోపం గూగుల్ సొంత పిక్సెల్ 2లోనూ అలాగే ఉంది. మన ఊళ్లలో విరివిగా అమ్ముడైన రెడ్‌మి నోట్ 5 కూడా ఆ లోపం ఉన్న ఫోన్ల జాబితాలో చేరింది. దాడులకు వాడుతున్నారన్న సమాచారం కూడా వచ్చింది.

ఈ జాప్యాన్ని కొలిచినవాళ్లలో అరవింద్ మాచిరి ఒకరు. శాంటా బార్బరాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉండగా 2017లో ఆయన బృందం తొమ్మిది మొబైల్ కెర్నళ్ల డ్రైవర్లను జల్లెడ పట్టి, అప్పటిదాకా ఎవరికీ తెలియని 158 లోపాలు పట్టింది. 2020 నాటి మరో అధ్యయనంలో, సీవీఈ లేకపోయినా భద్రతా లోపాన్ని సరిచేస్తున్నట్టున్న ప్యాచ్‌లు రెండు వేలకు పైగా తేలాయి. వాటిలో 229 కొన్ని కంపెనీల కెర్నళ్లలో అప్పటికీ పడలేదు.

2024 ఫిబ్రవరి నుంచి కెర్నల్ లోపాలకు సీవీఈ నంబర్లను లినక్స్ కెర్నల్ బృందమే ఇస్తోంది. అనుమానం ఉన్న ప్రతి ప్యాచ్‌కూ నంబరు వేస్తుండటంతో జాబితా వేలల్లోకి పోయింది. ఇది మరీ ఎక్కువని విసుక్కునేవాళ్లున్నారు గానీ, బైండర్ కథ తెలిస్తే ఆ విసుగు నిలవదు.

ఫోను సెట్టింగ్స్‌లో ‘సెక్యూరిటీ ప్యాచ్’ పక్కన ఒక తేదీ కనిపిస్తుంది. చాలా ఆండ్రాయిడ్ భద్రతా ప్రకటనల్లో రెండు తేదీలుంటాయి. 1వ తేదీ ఉంటే ఆ నెలలో పై అంచెల మరమ్మతులు మాత్రమే చేరినట్టు. 5వ తేదీ ఉంటే కెర్నల్‌వీ, చిప్ తయారీదారులవీ కూడా వచ్చినట్టు.