మేజర్ జనరల్ చిత్తూరు వేణుగోపాల్

మేజర్ జనరల్ చిత్తూరు వేణుగోపాల్ భారత పదాతిదళానికి చెందిన సైనికాధికారి, మహావీర చక్ర పురస్కార గ్రహీత. 1971 భారత-పాకిస్తాన్ యుద్ధంలో లెఫ్టినెంట్ కల్నల్ హోదాలో ఒక గూర్ఖా పటాలానికి నాయకత్వం వహించి, నాటి తూర్పు పాకిస్తాన్ (నేటి బంగ్లాదేశ్) లోని ఉథాలి, దర్శన స్థావరాలను స్వాధీనపరచుకొన్నాడు. పేరు ముందు చిత్తూరు అని ఉన్నప్పటికీ ఈయన స్వస్థలం తిరుపతి. యుద్ధం నాటికి తిరుపతి చిత్తూరు జిల్లాలో భాగం. 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లా అయినది.

పటాలం

ఈయన నడిపినది ఒకటవ గూర్ఖా రైఫిల్స్ రెజిమెంటులోని ఐదవ పటాలం. గూర్ఖా పటాలాలలో సిపాయిలు ప్రధానంగా నేపాలీ భాషీయులు. అధికారులు దేశంలో ఏ ప్రాంతం వారైనా కావచ్చును గాని, సిపాయిల భాష నేర్చుకొనక తప్పదు. తెలుగువాడు గూర్ఖాలకు నాయకుడు కావడం మనకు వింతగా తోచవచ్చు. సైన్యంలో అది మామూలే.

1971 యుద్ధం

పశ్చిమ బెంగాల్ వైపు నుండి తూర్పు పాకిస్తాన్‌లో ప్రవేశించే బాధ్యత లెఫ్టినెంట్ జనరల్ టి.ఎన్.రైనా నాయకత్వంలోని రెండవ కోర్‌కు అప్పగించబడింది. వేణుగోపాల్ పటాలం అందులోని నాలుగవ పర్వత డివిజనుకు చెందిన 41వ బ్రిగేడులో ఉండేది. ఎదురుగా ఉన్నది పాకిస్తాన్ తొమ్మిదవ డివిజనుకు చెందిన 57వ బ్రిగేడు.

దర్శన సరిహద్దును ఆనుకొని ఉన్న రైల్వే పట్టణం. నేటి బంగ్లాదేశ్ భూభాగంలో మొట్టమొదటి రైలుమార్గం 1862లో దర్శన, జగతిల మధ్యనే ప్రారంభమైనది. దానికి దక్షిణాన ఉథాలి ఉన్నది. పాకిస్తాన్ సైన్యం ఈ రెండు చోట్లా బలమైన రక్షణ స్థావరాలను ఏర్పరచుకొన్నది. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు భారత విమానస్థావరాలపై దాడి చేయడంతో పూర్తిస్థాయి యుద్ధం మొదలైనది. మరునాడే, డిసెంబరు 4న, వేణుగోపాల్ స్వయంగా ముందుండి పటాలాన్ని నడిపించగా ఉథాలి, దర్శన భారత సైన్యం వశమయ్యాయి.

అయితే ఈయన చేసిన అసలైన పని ఆ తరువాతది అనవచ్చును. వెనుదిరిగిన సైన్యానికి ఒక్క రాత్రి తీరిక చిక్కినా మరొకచోట కందకాలు త్రవ్వుకొని నిలబడుతుంది. అప్పుడు దాడి మళ్ళీ మొదటి నుండి ప్రారంభించాలి, మళ్ళీ అంత ప్రాణనష్టమూ భరించాలి. వేణుగోపాల్ ఆ అవకాశం ఇవ్వలేదు. పట్టణం చేజిక్కిందని ఆగక, శత్రువును వెంటాడుతూనే పోయాడు. ఝెనైదాకు ముందు ఎక్కడా పాకిస్తాన్ దళాలు కుదురుకొనలేకపోయాయి. ఇంతలో డివిజను చువాడాంగాను తప్పించి అడ్డదారిన ముందుకు సాగింది. డిసెంబరు 7న ఝెనైదా భారత సైన్యం చేతికి వచ్చింది.

ఝెనైదా జెస్సోర్-కుష్టియా రహదారిపై ఉన్న కూడలి. అది పోవడంతో పాకిస్తాన్ తొమ్మిదవ డివిజను రెండుగా చీలిపోయింది. 57వ బ్రిగేడు ఉత్తరాన కుష్టియా వైపు, జెస్సోర్‌ను విడిచిన బ్రిగేడు దక్షిణాన ఖుల్నా వైపు తరలిపోయాయి. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయేవరకు అవి తిరిగి కలుసుకొనలేదు.

పురస్కారాలు

ఈ పోరాటంలో చూపిన ధైర్యసాహసాలకు, నాయకత్వానికి భారత ప్రభుత్వం ఈయనకు మహావీర చక్ర ప్రదానం చేసింది. యుద్ధరంగంలో చూపిన శౌర్యానికి ఇచ్చే పురస్కారాలలో పరమవీర చక్ర తరువాత ఇదే పెద్దది. పతకం వెండితో చేసినది. దాని పట్టీ సగం తెలుపు, సగం కాషాయం. తదనంతర సేవలకు పరమ విశిష్ట సేవా పతకం కూడా లభించింది. మేజర్ జనరల్ హోదాలో పదవీ విరమణ చేసి తిరుపతిలో నివసించాడు.

యుద్ధ విజయపు స్వర్ణోత్సవాల సందర్భంగా 2020 డిసెంబరు 16న ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకం వద్ద వెలిగించిన నాలుగు విజయజ్యోతులలో ఒకటి 2021 ఫిబ్రవరిలో తిరుపతికి చేరింది. ఆ సందర్భంలో నాటి ముఖ్యమంత్రి వై.ఎస్.జగన్మోహన్ రెడ్డి తిరుపతిలోని ఈయన ఇంటికి వెళ్ళి సత్కరించాడు.