సిలిండరుకు కాపలా ఉంది, మంటకు లేదు

1952లో షికాగోలోని వెబర్ బ్రదర్స్ లోహపు కర్మాగారంలో నీటి మీద తేలే గుండ్రటి బోయాలు తయారయ్యేవి. అక్కడ పనిచేసే జార్జ్ స్టీఫెన్ అలాంటి గోళాన్ని రెండు చెక్కలు చేసి, కింద కాళ్లు, పైన మూత పెట్టి బొగ్గుల గ్రిల్లు చేసుకున్నాడు. తర్వాతి దశాబ్దంలో ఆర్కన్సాలో ఒక గ్యాస్ కంపెనీ ఉద్యోగులు విలియం వెప్ఫర్, మెల్టన్ లాంకాస్టర్ బొగ్గులు తీసేసి బర్నరు బిగించారు. కంపెనీకి గ్యాస్ ఎక్కువ అమ్ముడుపోవాలి, అంతే. పైపు గ్యాస్ లేని పెరళ్లలోకి ప్రొపేన్ సిలిండరు వచ్చింది.

ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతుంది. ఒత్తిడిలో బంధిస్తేనే ద్రవంగా ఉంటుంది. గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి లీకైతే నేలబారుగా పేరుకుంటుంది. ఎండకు ద్రవం వ్యాకోచిస్తుంది గనక సిలిండరును 80 శాతమే నింపాలి. అమెరికాలో ఆ పని ఇప్పుడు వాల్వు లోపలి తేలుడు బుడ్డి చూసుకుంటుంది. 2002 నుంచి అది లేని గ్రిల్లు సిలిండర్లను అక్కడ నింపరు. రెగ్యులేటరు బిగించే ప్లాస్టిక్ నట్టు కూడా మంట తగిలితే కరిగి గ్యాసును ఆపేస్తుంది. సిలిండరు వైపు ఇంజనీర్లు చేయగలిగింది చాలావరకు చేశారు.

మంట వైపు అంత శ్రద్ధ కనిపించదు. గ్యాస్ గ్రిల్లు పెద్ద మంట మీద పావుగంటలో మాంసం కాల్చడానికి పుట్టింది. మాంసానికి పొగబెట్టేవాళ్లు దాన్ని 110 డిగ్రీల దగ్గర, ఒకే బర్నరు సన్నగా పెట్టి, దాని మీద చెక్కముక్కల డబ్బా ఉంచి, మూత వేసి గంటల తరబడి నడుపుతారు. సన్నని మంట గాలికి ఇట్టే ఆరిపోతుంది. చాలా గ్రిల్లుల్లో మంట ఆరితే గ్యాసును ఆపే ఏర్పాటే లేదు. మూత కింద గ్యాస్ నిండుతూనే ఉంటుంది. ఎవరో వచ్చి మూత తీయకుండానే వెలిగించే బటన్ నొక్కుతారు. ఇక చెప్పేదేముంది!

గ్యాసుకు కలిపే మెర్‌కాప్టాన్ కంపు హెచ్చరిస్తుంది కదా అంటారా? ముక్కుకు పట్టిన పొగ వాసనలో అది సులువుగా మునిగిపోతుంది. పైగా పొగ బయటికి పోకూడదని గ్రిల్లు వెనక కంతలను ఫాయిల్‌తో మూసేసేవాళ్లు ఉన్నారు. నా దృష్టిలో ఇంతకన్నా తెలివితక్కువ పని లేదు. వాన వస్తే గ్రిల్లును గరాజులోకి లాగడం కూడా అంతే: సన్నగా రగులుతున్న చెక్క వదిలే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు.

బర్నరు గొట్టంలో సాలీడు గూడు పెట్టినా ప్రమాదమే. దారి మూసుకుపోయిన గ్యాస్ వెనక్కి తన్ని నాబుల దగ్గర అంటుకుంటుంది. చాలాకాలం వాడని గ్రిల్లు గొట్టాలను ముందు బ్రష్‌తో శుభ్రం చేయాలి. అడుగున కారిన కొవ్వు అంటుకుంటే నీళ్లు పోయకూడదు. చేయి అందితే నాబులు కట్టి మూత వేయాలి.

ఆరిన మంటతో మాంసానికీ ముప్పే. 4 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి. కోడిమాంసం లోపల 74 డిగ్రీల సెల్సియస్ చేరిందో లేదో థర్మామీటరు గుచ్చి చూడాల్సిందే.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పెరట్లో పొగబెట్టే మనవాళ్లు పొయ్యిని వదిలి లోపలికి వెళ్లకండి. మంట ఆరితే నాబులూ సిలిండరూ కట్టేసి, మూత తెరిచి, కనీసం ఐదు నిమిషాలు ఆగి, మూత తెరిచి ఉంచే మళ్లీ వెలిగించండి.