చదును మైదానం, ఎత్తుపల్లాల భాష

ఫుట్‌బాల్ మైదానం ఎంత చదునుగా ఉన్నా, ఇంగ్లండ్‌లో ఆ ఆటను గురించి మాట్లాడే భాష దానికి ఎగువ దిగువలను కల్పించింది. ప్రత్యర్థి గోలు వైపు సాగడం ‘అప్’, సొంత గోలు వైపు తగ్గడం ‘డ్రాప్’. సొంత గోలును వదిలి మైదానం మధ్య దాకా జరిగి నిలిచిన రక్షకుల వరుస ‘హై లైన్’ కాగా, దానికి భిన్నంగా గోలుకు చేరువలో ఒదిగిన ఆటగాడు ‘డీప్’గా, అంటే లోతున, ఉన్నట్టు లెక్క. విరామం తరువాత జట్లు కొసలు మార్చుకోగానే ఎగువ దిగువలు కూడా తారుమారవుతాయి గనుక ఈ వాలు నేలది కాదు, జట్టుది. అడ్డదిశలోనూ ఇదే తీరు: మైదానం నడుమ ‘ఇన్‌సైడ్’, పక్క గీత వైపు ‘అవుట్‌సైడ్’, నేరుగా పక్కకు అందించిన బంతి ‘స్క్వేర్’. ‘ఆఫ్‌సైడ్’లోని సైడ్‌ను మాత్రం పక్క అని పొరబడరాదు, అక్కడ సైడ్ అంటే జట్టు, తన జట్టు నుంచి విడివడి ముందుకు పోయినవాడే ఆఫ్‌సైడ్.

అన్నిటికంటె చిత్రమైన చరిత్ర ‘సెంటర్ హాఫ్’ అనే మాటది. 19వ శతాబ్దం చివర ఇంగ్లిష్ జట్లు ఐదుగురు ఫార్వర్డ్‌లను ముందు, ముగ్గురు హాఫ్ బ్యాక్‌లను వారి వెనుక, ఇద్దరు ఫుల్ బ్యాక్‌లను చివర నిలిపేవి. హాఫ్ అంటే సగం వెనుక, ఫుల్ అంటే పూర్తిగా వెనుక అని అర్థం. దాడి చేసే ఆటగాడికీ గోలు గీతకూ నడుమ ప్రత్యర్థులు ముగ్గురుండాలన్న ఆఫ్‌సైడ్ నిబంధనను 1925లో ఇద్దరికి తగ్గించడంతో గోల్స్ పెరిగాయి, వాటిని అరికట్టడానికి ఆర్సెనల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ వంటివారు హాఫ్ బ్యాక్‌లలో నడిమివాణ్ణి ఫుల్ బ్యాక్‌ల మధ్యకు లాగారు. మనిషి వెనక్కి వచ్చాడు గాని పేరు రాలేదు. ఫలితంగా నేడు ‘సగం వెనుక’వాడు రక్షణకు కడపటివాడై ఉండగా, ‘పూర్తి వెనుక’వారు పక్కలకు తప్పుకొని దాడులకు పరుగెడుతున్నారు. ఫుట్‌బాల్ లీగ్ 1939లో చొక్కాలపై అంకెలను తప్పనిసరి చేసినప్పుడు కూడా పాత క్రమమే నిలిచింది. ఫుల్ బ్యాక్‌ల 2, 3 అంకెల నడుమ సెంటర్ హాఫ్ 5 నిలబడటానికి కారణమదే.

గోలు కాపరి నుంచి సూటిగా ముందుకు తన్నే పొడవాటి బంతిని ‘రూట్ వన్’ అంటారు. ఈ మాటను జనంలోకి తెచ్చింది మైదానం కాదు, 1966 నుంచి 1972 దాకా బీబీసీ ప్రసారం చేసిన ‘క్విజ్‌బాల్’ అనే టీవీ పోటీ. అందులో ఒకే ఒక్క కఠిన ప్రశ్నతో గోలు కొట్టే మార్గానికి ఆ పేరుండేది. ఇక ఒత్తిడిలో చిక్కిన రక్షకుడు బంతిని ప్రేక్షకుల్లోకి తన్నితే అది ‘రో జెడ్’కు, అంటే అక్షరక్రమంలో ఆఖరి కుర్చీల వరుసకు, చేరినట్టు చెబుతారు. దిక్కులను ఇంత సూక్ష్మంగా విడదీసిన ఆ భాషలో దిక్కుతోచనివాడికి సైతం ఒక చిరునామా ఉంది.