చలికాలం, ఇల్లు, సికిల్ సెల్
డిసెంబర్‌లో టూరిస్టులు మా డుంబ్రిగుడ చాపరాయి నీళ్లలో ఆడుకుంటుంటే, నేను రెండు దుప్పట్ల కింద ఉంటాను. నాకు సికిల్ సెల్ అనీమియా. ఇది అంటువ్యాధి కాదు, అమ్మానాన్నల జీన్స్ నుంచి వచ్చింది. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. అప్పుడు ఎముకల్లో విపరీతమైన నొప్పి. చలి, నీళ్లు తక్కువ తాగడం, అతిగా అలసిపోవడం దాన్ని పెంచుతాయి.

వారాల తరబడి ఇంట్లో ఉండాల్సి వస్తే నా పద్ధతి ఇదీ: దాహం వేయకముందే గోరువెచ్చని నీళ్లు, డాక్టర్ రాసిన హైడ్రాక్సీయూరియా మానకుండా, 20 నిమిషాలు కోడింగ్, తర్వాత రెస్ట్. బాగున్న రోజే అన్నీ చేసేస్తే మర్నాడు మంచమే. జ్వరం వస్తే మాత్రం ఇంట్లో ఆగను, ఆసుపత్రికే.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బు ఉంది. అయినా అటెండెన్స్ తగ్గితే బద్ధకం అనుకుంటారు. మీ క్లాసులో ఇలాంటివాళ్లుంటే నోట్స్ పంపండి, "ఇవాళ ఎలా ఉంది?" అని అడగండి.