నాలుకకూ కసరత్తు కావాలి

గురక పెడుతుంటే ఒళ్లెరగని నిద్ర అనుకోవడం మన ఇళ్లలో అలవాటు. కానీ ఇరుకైన దారిలో గాలి అవస్థ పడుతుంటే వచ్చే చప్పుడది. మెలకువగా ఉన్నంతసేపూ గొంతు చుట్టూ ఉన్న కండరాలు బిగువుగా ఉండి ఆ దారిని తెరిచి ఉంచుతాయి. నిద్ర పట్టగానే సడలుతాయి. నాలుక మొదలు వెనక్కి వాలుతుంది. మెత్తటి అంగిలి, కొండనాలుక అదురుతాయి. కొందరికి దారి పూర్తిగా మూసుకుపోయి పది సెకన్లో, అంతకు మించో ఊపిరే ఆగుతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. తెల్లారాక ఆ సంగతేదీ గుర్తుండదు, తలనొప్పీ పగటి కునుకూ మిగులుతాయి. ఇదే స్లీప్ అప్నియా. పెద్దవాళ్లలో ఊపిరి ఆగడం, సన్నగిల్లడం కలిపి గంటకు 5 సార్లు దాటితే సమస్య మొదలైనట్టు. 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివాన్ సీప్యాప్ యంత్రాన్ని లోకానికి పరిచయం చేశారు. మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి దారి మూసుకుపోకుండా చూస్తుందది. తీవ్రమైన అప్నియాకు ఈనాటికీ మొదట చెప్పే చికిత్స అదే. కాకపోతే మాస్కుతో నిద్రపట్టక దాన్ని బీరువా ఎక్కించేసేవాళ్లు చాలామంది.

కండరాలు సడలడమే చిక్కయితే, వాటికే కసరత్తు నేర్పకూడదా? బ్రెజిల్‌లోని సావో పాలోలో కాటియా గిమరాయిస్ బృందం ఈ ప్రశ్నే వేసుకుంది. మధ్యస్థ అప్నియా ఉన్న 31 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు మూడు నెలలపాటు రోజూ అరగంట సాధన చేసింది. నాలుక కొనను పైపళ్ల వెనక ఆనించి అంగిలి మీదుగా వెనక్కి జరపడం, నాలుకనంతా అంగిలికి అదిమి పెట్టడం, అచ్చు పలుకుతూ మెత్తటి అంగిలిని పైకెత్తడం, బెలూన్ ఊదడం, రెండు వైపులా మార్చిమార్చి నమలడం. 2009లో ఫలితాలు వచ్చాయి. గంటకు సగటున 22 ఉన్న అంతరాయాలు 14కు దిగాయి. ఊపిరి సాధన, ముక్కు శుభ్రం చేసుకోవడం మాత్రమే చేసిన రెండో జట్టులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. 14 అన్నా జబ్బు పోయినట్టు కాదు. అయినా ఖర్చులేని కసరత్తుకు అది చిన్న ఫలితం కాదు.

అంతకు మూడేళ్ల ముందు స్విట్జర్లాండ్‌లో ఇంకో చిత్రమైన ప్రయత్నం జరిగింది. ఆస్ట్రేలియా ఆదివాసుల డిడ్జరిడూ అనే పొడవాటి కర్రవాద్యాన్ని నాలుగు నెలలు సాధన చేసినవాళ్లకు అప్నియా తగ్గింది, పక్కన పడుకునేవాళ్లకూ నిద్ర దక్కింది. ఆ వాద్యం ఊదాలంటే బుగ్గల్లోని గాలిని వదులుతూనే ముక్కుతో కొత్త గాలి పీల్చాలి. మన పాములవాళ్లు నాగస్వరం ఆపకుండా ఊదేదీ ఈ పద్ధతిలోనే. ఇలాంటి అధ్యయనాలను కలిపి 2015లో లెక్కచూస్తే పెద్దల్లో అంతరాయాలు దాదాపు సగానికి తగ్గాయి, పిల్లల్లో అంతకన్నా ఎక్కువే. అయితే అన్నీ చిన్న అధ్యయనాలే. అందుకే మాస్కు మానేసి కసరత్తు మొదలుపెట్టమని ఎవరన్నా చెబితే వినకూడదు.

నా మనసు ఎక్కువగా పిల్లల దగ్గరే ఆగుతుంది. నోరు తెరిచి పడుకునే పిల్లవాడి దిండు తడిసి ఉంటుంది, పొద్దున పెదాలు ఎండిపోయి ఉంటాయి. మంచిగా నిద్రలేక బడిలో చిరాకుపడితే అల్లరివాడనే పేరొస్తుంది. ముక్కు మూసుకుపోవడానికి అలర్జీయో, ముక్కు వెనక పెరిగిన అడినాయిడ్సో కారణమైతే ముందు వాటికే వైద్యం జరగాలి. ముక్కు దారి లేని బిడ్డను నోరు మూసుకోమనడం అన్యాయం. అమెరికాలో ఎగిల్ హార్వోల్డ్ అనే పరిశోధకుడు పిల్లకోతుల ముక్కులు మూసి, నోటితోనే ఊపిరి పీల్చేలా చేస్తే వాటి పళ్ల వరుస, దవడ తీరు మారిపోయాయి. మనుషుల్లో ఎంత అలవాటు వల్ల, ఎంత వంశం వల్ల అన్న వాదన ఇంకా తెగలేదు. ఆపరేషన్‌తో దారి తెరుచుకున్నా నోటితో పీల్చే అలవాటు మిగలొచ్చు. స్టాన్‌ఫర్డ్ వైద్యుడు క్రిస్టియన్ గిల్లెమినో 2013లో ప్రచురించిన పరిశీలన నన్ను కదిలించింది. టాన్సిల్స్ తీసి, దవడ సరిచేసిన 24 మంది పిల్లల్లో, తర్వాత కండర సాధన చేసిన 11 మందీ బాగానే ఉన్నారు. చేయని 13 మందికీ సమస్య తిరగబెట్టింది. చిన్న లెక్కే, పాత రికార్డులు తిరగేసి చెప్పిందే. అయినా తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతి.

పెద్దల విషయంలో కొన్ని హెచ్చరికలు. నాలుకను అంగిలికి నొక్కిపెడితే దవడ కోసుగా మారుతుందని చెప్పే రీల్స్‌ను నమ్మకండి, ఎదుగుదల ఆగిన ఎముకను నాలుక మలచలేదు. దవడ కీలు నొప్పి ఉన్నవాళ్లకు మాత్రం పెదాలు కలిపి, పళ్లు ఎడంగా, నాలుక పైన ఉంచే విశ్రాంతి భంగిమ ఉపశమనమివ్వొచ్చు. ముక్కు దిబ్బడ ఉండగా పెదాలకు టేపు వేసుకోవడం ప్రమాదం. ఇంకో మాట, మెనోపాజ్ దాటిన ఆడవాళ్లలో అప్నియా పెరుగుతుంది, వాళ్ల అలసటను వయసు ఖాతాలో వేసి వదిలేస్తున్నాం.

ముందు ఈఎన్‌టీ వైద్యుడు ముక్కు చూడాలి, స్లీప్ స్టడీ జరగాలి. ఆ తర్వాత ఈ కసరత్తుల్లో శిక్షణ ఉన్న స్పీచ్ థెరపిస్టో, దంతవైద్యుడో నేర్పితే రోజూ చేయాలి. ఎత్తుపళ్లకు క్లిప్పులు వేయించడానికి బిడ్డను తీసుకెళ్లినప్పుడు రాత్రి ఎలా నిద్రపోతోందో కూడా డాక్టరుకు చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి.